పదేళ్లకు కట్టిన పేరు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. కింద పనిగదిలో తొట్టి ముందు కూర్చుని పేము తడుపుతున్న నాన్న. ఆయనకు వీపు తిప్పి, ఒక కుర్చీని పసిపిల్లను బోర్లించుకున్నట్టు ఒళ్లో వేసుకుని పాత అల్లిక కోసేస్తున్న పెదనాన్న. వాళ్లిద్దరి మధ్య గోడవారన, ఇద్దరి మీదా చెరో కన్ను వేసి ఉంచే నానమ్మ. వంటింట్లో అమ్మ. మేడ మీద తన గదిలో అక్క. మెట్ల మధ్యలో, పైకీ కిందికీ కాకుండా, ఫోను చేతిలో పట్టుకుని పిచ్చుక. పెద్దమ్మ మాత్రం లేదు, చెల్లెలికి పురుడొస్తే వెళ్లింది. "అది లేకపోబట్టి సరిపోయింది గాని, ఉండుంటే ఇంటికప్పు లేచిపోయేది" అని నానమ్మ తర్వాత అంది.

పిచ్చుక అసలు పేరు పిచ్చుక కాదు. చిన్నప్పుడు ఆ పిల్ల ఏడ్చినా పక్కగదిలోకి వినపడేది కాదని పెదనాన్న అలా పిలవడం మొదలుపెట్టాడు. పిల్ల పెరిగింది, జడ పెరిగింది, గొంతు మాత్రం అక్కడే ఆగిపోయింది. ఫోనెత్తితే "ఊఁ" అంటుంది. అవతలివాళ్లు ఎంతసేపు మాట్లాడినా "ఊఁ" అంటుంది. నోట్లో నాలుక లేని పిల్ల అని బంధువులు మెచ్చుకున్నట్టే జాలిపడేవాళ్లు.

అక్క అంటే పెదనాన్న కూతురు. ఇద్దరూ ఒకే కంచం, ఒకే మంచంగా పెరిగినవాళ్లు. అక్క విడిచిన గౌను పిచ్చుక తొడిగింది. అక్క చదివేసిన పుస్తకం పిచ్చుక చదివింది. బళ్లో అక్క కూర్చున్న బెంచీ మీదే కూర్చుంది. కొత్తగా వచ్చిన టీచర్లు హాజరు పిలిచి, తలెత్తి, "ఓహో, నువ్వు దాని చెల్లెలివా!" అనేవాళ్లు. ఆ మాటలో ఉన్న మెచ్చుకోలంతా అక్కకు పోయేది, ఆశ్చర్యమంతా పిచ్చుకకు మిగిలేది.

ఆ ఇంటి వృత్తి కుర్చీలకు పేము సీట్లు అల్లడం. అన్నదమ్ములిద్దరూ ఒక్క చేత్తో చేసినట్టు చేసేవాళ్లు. తర్వాత బజారులోకి రెడీమేడ్ అల్లిక వచ్చింది, గుడ్డతానులాగా చుట్టలు చుట్టి. కావలసినంత కత్తిరించి, కుర్చీ అంచున ఉన్న గాడిలో నొక్కి, జిగురు పెడితే పని అయిపోతుంది. పెదనాన్న అటు మొగ్గాడు. నాన్న మొగ్గలేదు. "చేత్తో అల్లనిది అల్లికేంట్రా, అతుకు" అన్నాడు. చిన్నవాడు పెద్దవాణ్ణి 'ఏంట్రా' అన్నందుకు గొడవైందో, అతుకు అన్నందుకు గొడవైందో ఇప్పటికీ తెలియదు. మర్నాటికి గుమ్మం మీద ఒక బోర్డు పోయి రెండు బోర్డులు వచ్చాయి. పనిగది ఒకటే, తొట్టి ఒకటే, టీ ఒకటే. బోర్డులు రెండు. ఒకరికొకరు వీపు తిప్పి కూర్చుని, చెయ్యి వెనక్కి చాచి ఒకరి పనిముట్లు ఒకరు తీసుకునేవాళ్లు.

బోర్డులు రెండయ్యాక ఇంటర్నెట్‌లో సైట్లూ రెండయ్యాయి. మొదటిది అక్కది. వ్యాపారం కలిసి ఉన్నప్పుడే, సందు చివర కంప్యూటర్ కొట్టాయన చేత పెట్టించింది. విడిపోయాక అది పెదనాన్న భాగానికి వెళ్లింది. రెండోది పిచ్చుక చేసింది. బళ్లో నేర్పిన కాస్త కంప్యూటరుతో, ఎవరికీ చెప్పకుండా, నాన్నకోసం. నాన్న కుర్చీ అల్లుతున్న ఫోటో ఒకటి, కింద ఫోను నంబరు. పిచ్చుక జీవితంలో నలుగురికీ వినపడేలా పలికిన మాట అదొక్కటే. నాన్న తడిచేతులు తుడుచుకుని దాన్ని చూసి, "మన పిచ్చుక చేసిందా ఇది!" అన్నాడు. ఆ మాట పిచ్చుక చాలా రోజులు నోట్లో బెల్లంముక్కలా చప్పరించింది.

తర్వాత వెతికి చూసింది. ఊరి పేరు కొట్టి, పక్కన పేము కుర్చీలు అని కొట్టింది. అందరికంటే పైన అక్క సైటు. దాని కింద పిచ్చుకది.

మర్నాడు చూసింది. అక్క పైన, తను కింద. బడికి వెళ్లేముందు, వచ్చాక, పళ్లు తోముకుంటూ కూడా చూసేది. అంత చూసినా అక్క సైటు ఒక్కసారి కూడా తెరవలేదు. తెరిచినకొద్దీ అది ఇంకా పైకి ఎక్కుతుందని ఎవరో అనగా విన్నది. పగవాడి ఇంటికి మనమే నిచ్చెన వెయ్యడమెందుకు? పేరు మాత్రం చూసి, ఫోను పక్కన పెట్టేసేది.

కంప్యూటర్ కొట్టాయనను అడగడానికి వెళ్లి, కొట్టు ముందు చాలాసేపు నిలబడి, చివరకు నాన్నను వెంటబెట్టుకుని వెళ్లింది. నాన్నే అడిగాడు. "ఏమయ్యా, మా పిల్ల సైటు పైకి రావాలంటే ఏం చెయ్యాలి?"

కొట్టాయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇంటర్నెట్‌లో పేరు కొన్నారంటారు గాని, అది అద్దె అండి. మీరు ఏడాదికి కట్టారు. పదేళ్లకు కట్టెయ్యండి. వెతికే యంత్రం అన్నీ చూస్తుంది. ఏడాదికి కట్టినవాడు రేపు బిచాణా ఎత్తేసే రకం. పదేళ్లకు కట్టినవాడు కదలడు. దానికి మీమీద నమ్మకం కుదురుతుంది. నమ్మకం కుదిరితే పైకి తెస్తుంది."

నాన్నకు అది వెంటనే నచ్చింది. తన పనిలోనూ మాట అదే. కొత్త సీటు అల్లి ఇచ్చేటప్పుడు "పదేళ్లు చూసుకోనక్కర్లేదు" అని చెప్పి ఇవ్వడం వాళ్ల తాతల నాటి అలవాటు. ఆ మాట చెప్పలేనివాడి దగ్గర కుర్చీ ఎవరూ పెట్టరు. "నిజమే కదే పిచ్చుకా, మాట ఇచ్చినవాణ్ణే నమ్ముతారు" అన్నాడు. గీతలు పడ్డ కళ్లజోడు మార్చుకుందామనుకున్నవాడు ఆ సంగతి ఇంకోసారికి తోసేసి, పేరును పదేళ్లకు కట్టించాడు. పిచ్చుక ఆ సంతోషంలో సైటు మీద, ఫోటో పైన, "పదేళ్ల నమ్మకం" అని పెద్ద అక్షరాలతో రాసింది.

విత్తనం వేసి, మొలకొచ్చిందా లేదా అని రోజూ మట్టి కెలికి చూసే పిల్లలుంటారు. పిచ్చుక అలా చూసింది. అక్క పైన, తను కింద. ఎందుకు? ఆలోచించి ఆలోచించి కారణం కనిపెట్టింది. అక్క కూడా పదేళ్లకు కట్టే ఉంటుంది! తనకంటే ముందు కట్టి ఉంటుంది, అంతే. ఆ కారణం దొరికాక మనసు కొంచెం చల్లబడింది. అక్క గొప్పదై గెలవలేదు, ముందు కట్టి గెలిచింది. ఆ తేడా పట్టుకుని ఎన్నాళ్లైనా బతకొచ్చు.

అలాంటప్పుడు ఒక సాయంత్రం అందరూ భోజనాలు చేస్తుంటే అక్క ఆ కబురు చెప్పింది.

"పాత గ్రంథాలయం వాళ్లు చదువుకునే హాల్లో కుర్చీలన్నీ బాగుచేయిస్తారట. అన్నీ పేము సీట్లే. కమిటీవాళ్లు నెట్‌లో చూసి ఎవరికివ్వాలో తేలుస్తారట. అక్కడి మేడమ్ చెప్పింది."

పెదనాన్న నాన్న వైపు చూడకుండా, "మంచి పని. ఏడాదంతా తిండి పెడుతుంది" అన్నాడు.

నాన్న కంచంలోకి చూస్తూ, "ఎవరి రాతలో ఉందో" అన్నాడు.

అక్క బాబాయి వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు పిచ్చుక చూసింది. కళ్లల్లో నిప్పులు పోసుకున్నవాళ్లకు ఎదుటివాళ్ల నవ్వు ఎలా కనిపిస్తుందో అలాగే కనిపించింది. 'చూశావా, అది కూడా నాదే' అన్నట్టుంది అనుకుంది. నాన్న అలాంటి పని కోసం ఎంత ఎదురుచూస్తున్నాడో పిచ్చుకకు తెలుసు. చేతి అల్లిక అడిగేవాళ్లు తగ్గిపోయారు. పొద్దుట తడిపిన పేము సాయంత్రం మళ్లీ ఎండబెట్టుకునే రోజులు ఎక్కువయ్యాయి.

ఆ తర్వాత ఎన్నో రోజులు కాలేదు, నాన్న ఫోనుకు ఒక మెసేజి వచ్చింది. నాన్న చేతులు ఎప్పుడూ తడిగా ఉంటాయి కాబట్టి ఆ ఫోను చదవడం, ఎత్తడం పిచ్చుక పని. మెసేజి అక్క సైటు పేరు గురించి. కలిసి ఉన్న రోజుల్లో నాన్న నంబరు మీద కొన్నారు, అది మార్చడం ఎవరికీ తోచలేదు. ఏటా మెసేజి రావడం, అమ్మో నాన్నో "ఏమే, నీదేదో వచ్చింది" అని అక్కకు కేకెయ్యడం, అక్క వెళ్లి కట్టిరావడం జరుగుతూనే ఉంది. ఈ ఏడే ఫోను పిచ్చుక చేతికి వచ్చింది.

మీ ఏడాది గడువు ముగియబోతోంది అని ఉంది అందులో.

ఏడాది!

పిచ్చుక ఆ మాటను మళ్లీ మళ్లీ చదివింది. పదేళ్లకు కట్టిన తను కింద ఉంది. ఏడాదికి కట్టిన అక్క పైన ఉంది. అంటే కట్టిన ఏళ్లకూ, పైకి రావడానికీ ఏ సంబంధమూ లేదన్నమాట. నాన్న కళ్లజోడు నీళ్లలో పోసినట్టేనన్నమాట. అక్క ఊరికే, అక్క కావడం వల్ల పైన ఉంది. ఇన్నాళ్లూ పట్టుకుని వేలాడిన కొమ్మ చేతిలో విరిగినట్టయింది. అయ్యో అనిపించాలి, నవ్వు రావాలి, లేకపోతే అక్క ఏం చేసి పైకొచ్చిందో తెరిచి చూడాలనిపించాలి. పిచ్చుకకు అవేవీ కలగలేదు. ఒక్కటే అనిపించింది. గడువు ముగిస్తే అక్క సైటు ఉండదు. అక్కది లేకపోతే పైన ఉండేది నాన్నది. గ్రంథాలయం వాళ్లు చూసేది నాన్ననే.

తను ఏమీ చెయ్యనక్కర్లేదు. ఎవరినీ తిట్టనక్కర్లేదు, అబద్ధం ఆడనక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు. అది తనకు పుట్టుకతో వచ్చిన విద్యే కదా.

మెసేజి తీసేసింది. రెండోది వస్తే రెండోదీ తీసేసింది. ఒకరోజు కొట్టాయనే ఫోను చేశాడు. ఆయన ఏమేమో చెప్పాడు. పిచ్చుక "ఊఁ" అంది, ఇంకోసారి "ఊఁ" అంది, పెట్టేసింది.  వంటింట్లోంచి అమ్మ "ఎవరే?" అంటే "ఎవరో" అంది. నిజానికి అది అబద్ధం కూడా కాదు అనుకుంది.

మధ్యలో ఒకసారి చెప్పెయ్యాలనిపించింది కూడా. అక్క మెట్లు దిగివస్తూ పిచ్చుక జడ లాగి, "ఏమే, ఈమధ్య నా గదికి రావడమే మానేశావు, పెద్దదానివైపోయావా?" అంది. నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో వీధిలోంచి ఎవరో "కుర్చీ అక్కగారున్నారా?" అని పిలిచారు. ఊళ్లో కుర్చీలన్నిటికీ అక్కే దిక్కన్నట్టు. వచ్చిన మాట వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయింది.

అలా వచ్చింది ఆ రోజు. కమిటీవాళ్లు కూర్చుని తేల్చే రోజూ అదే.

మెట్ల మీద కూర్చుని పిచ్చుక వెతికింది. అక్క పేరు లేదు. అందరికంటే పైన నాన్న. చేతిలో కుర్చీ, ముఖాన చెమట, నెత్తిన పదేళ్ల నమ్మకం. పిచ్చుక మళ్లీ చూసింది. ఈ క్షణం కోసం ఎన్ని రోజులు కళ్లు కాయలు కాచాయో! అనుకున్నంత తియ్యగా లేదు. మెట్టు ఉందనుకుని లేనిచోట కాలు వేసినట్టు, లోపల ఏదో జారింది.

మేడ మీదనుంచి అక్క కేక వినపడింది. "నాన్నా! బాబాయ్! నా సైటు పోయింది!"

మెట్ల మీద పిచ్చుకను దాటుకుంటూ దిగింది. "లేవే, అడ్డం. తెరిస్తే ఏదో తెల్లకాగితం వస్తోంది, ఈ పేరు ఎవరిదీ కాదు అంటోంది. ఇవాళే పోవాలా! ఇవాళే!"

"పోతే పోయింది లేవే, మనిషికేమైనా అయిందా?" అంది నానమ్మ.

"నీకు తెలీదు నానమ్మా, ఇవాళ కమిటీ…"

మాట పూర్తికాకుండానే అక్క ఫోను మోగింది. గ్రంథాలయం మేడమ్. అక్క చేతిలో పట్టుకునే అందరికీ వినపడేలా పెట్టింది.

"ఏంటమ్మా, మీరు చెప్పిన పేజీ రావట్లేదు. అందరూ కూర్చున్నారిక్కడ. చూపిద్దామని తెరిస్తే ఏదో తెల్లగా వస్తోంది."

"ఒక్క పూట ఆగండి మేడమ్. సాయంత్రానికి బాగుచేయిస్తాను."

"నాదేముందమ్మా, నేనాగుతాను. కార్యదర్శిగారు ఆగట్లేదు. సొంత పేరు నిలబెట్టుకోలేనివాళ్లు మన కుర్చీలేం నిలబెడతారు అంటున్నారు."

"పోనీ మా బాబాయి సైటే ఉంది మేడమ్. అది చూడండి. పైనే ఉంటుంది."

మెట్ల మీద పిచ్చుక తన ఫోను దించి, చెవి అటు పెట్టింది.

"చూశామమ్మా. ఒక ఫోటో ఉంది, ఒక నంబరుంది. పదేళ్ల నమ్మకం అనుంది. ఎవరి నమ్మకం, దేని మీద, అదేం లేదు. చిల్లుల్లోంచి ఎలా అల్లుతాడు, పాత కుర్చీలు ఎలాంటివి చేశాడు, ఆ ఫోటోలు, ఆ అడిగినవాళ్లకు జవాబులు, అవన్నీ మీ పేజీలోనే కదా ఉన్నాయి? ఆయన చెయ్యి గురించి మీరు రాసింది చదివే కదమ్మా నేను వీళ్ల దగ్గర మాటెత్తింది? సరే, పిలుస్తున్నారు, ఉంటాను."

ఫోను ఆగిపోయింది. పెదనాన్న కత్తి ఆపాడు. తొట్టిలోంచి తీసిన పేము నీళ్లు కారుతూ నాన్న చేతిలోనే ఉండిపోయింది.

"నా చెయ్యి గురించి ఏం రాశావే?" అన్నాడు నాన్న.

అక్క పెదనాన్న వైపు చూసింది. పెదనాన్నే నాన్న వైపు తిరిగి చెప్పాడు. "ఏం రాస్తుంది? ఉన్నది రాసింది. గ్రంథాలయం కుర్చీలు గాడి ఉన్నవి కాదు, అంచున చిల్లులున్నవి. నా చుట్ట వాటికి పట్టదు. చేత్తో అల్లాల్సిందే. ఈ ఊళ్లో చేత్తో అల్లేది ఎవడు మరి? అందుకని నీ గురించి ఒక పేజీ పెట్టింది. చాలా నెలలైంది. మొన్నా మధ్య నీ దగ్గరికొచ్చిన ఆ ఊగుడుకుర్చీ ముసలాయన ఎక్కణ్ణించి ఊడిపడ్డాడనుకున్నావు? అందులోంచే."

"నాకు చెప్పలేదేం అన్నయ్యా?"

"చెబితే నువ్వు ఒప్పుకుంటావా? అతుకులవాళ్ల సైటులో నా పేరేంటని ఎగురుతావు."

 ఆ రెండు బోర్డుల తర్వాత అన్నదమ్ములిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని మాట్లాడింది అప్పుడే. పిచ్చుకకు అది చూస్తుంటే మెట్లు కరిగి భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది. రోజుకు పదిసార్లు ఆ పేరు చూసింది. ఒక్కసారి వేలు పెట్టి నొక్కి ఉంటే లోపల కనిపించేది నాన్నే.

అక్క అప్పటికే, అందరికీ వినపడేలాగే, కంప్యూటర్ కొట్టాయనకు ఫోను కలిపింది. "ఏంటండీ ఇది, చెప్పాపెట్టకుండా తీసేస్తారా?"

"చెప్పలేదనకమ్మా! మీ బాబాయిగారి నంబరుకు ఎన్ని మెసేజీలు వెళ్లాయో చూసుకోండి. అదీ చాలదని నేనే స్వయంగా ఫోను చేశాను. కంగారేం లేదు, ఇంకా టైముంది, కడితే సాయంత్రానికి మళ్లీ వస్తుంది."

"ఫోను చేశారా? ఎవరెత్తారు?"

"ఎవరో ఆడపిల్ల. గడువైపోతోంది, మీ అక్కకు చెప్పమ్మా, మర్చిపోకు అన్నాను. 'ఊఁ' అంది. మళ్లీ చెప్పాను. మళ్లీ 'ఊఁ' అంది. పెట్టేసింది."

 ఒకరి తర్వాత ఒకరు తలెత్తి మెట్ల వైపు చూశారు. వంటింట్లోంచి వచ్చిన అమ్మ కూడా, చెయ్యి తుడుచుకుంటూ, అటే చూసింది. పిచ్చుక తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఉంది.

నాన్న ఫోను దగ్గరకు వంగి, గొంతు తగ్గించి అడిగాడు. "ఏమయ్యా, మా అన్న కూతురిది ఎన్నేళ్లకు కట్టారు?"

"ఏడాదికేనండి. ఏటా ఏడాదికే."

"మరి నాచేత పదేళ్లకు కట్టించావే? పైకొస్తుందని?"

కొట్టాయన నీళ్లు నమిలాడు. "అలా అంటారండీ. అందరూ అంటారు, నేనూ అన్నాను. ఆ యంత్రం లోపలికి దూరి నేను చూశానా చెప్పండి?"

"గుమ్మానికి పెద్ద తాళం వేస్తే ఇంటికి చుట్టాలొస్తారంట్రా, ఎవడైనా చెబితే వినడమే!" అంది నానమ్మ. నవ్వాల్సిన మాటే. ఎవరూ నవ్వలేదు.

"నువ్వేనటే?" అంది అమ్మ, మెట్ల కింద నిలబడి. "నోరు విప్పవే. ఊఁ అనడం కాదు. నువ్వేనా?"

పిచ్చుక తలూపింది.

అమ్మ చెయ్యి లేచింది. పెదనాన్న "వదిలెయ్ అమ్మా, చిన్నపిల్ల, మర్చిపోయుంటుంది" అన్నాడు. దెబ్బ పడి ఉంటే పిచ్చుక ఓర్చుకునేది. ఆ మాట ఓర్చుకోలేకపోయింది.

"మర్చిపోలేదు" అంది.

పుట్టి బుద్ధెరిగాక పిచ్చుక గొంతు గదంతా వినపడడం అదే మొదలు. నాన్న ఆమె వైపు చూశాడు. కళ్లజోడు మీది గీతల వెనక ఆ చూపు ఎలాంటిదో కనిపించలేదు. తర్వాత తొట్టి వైపు తిరిగాడు. ఎక్కువసేపు నానితే పేము మెత్తబడి పనికిరాదు. చేతిలో ఉన్నది ఒకసారి వంచి చూసి, పక్కన పారేసి, వేరేది తీసుకున్నాడు.

అంతలో అక్క ఫోను మళ్లీ మోగింది. ఈసారి అక్క చెవి దగ్గరే పెట్టుకుని విన్నది. "సరే మేడమ్. పర్లేదు మేడమ్. వాళ్లు కూడా మంచివాళ్లే" అంది. పెట్టేసి, బాబాయి వైపు తిరిగి, "పక్క ఊరివాళ్లకిచ్చారు బాబాయ్" అంది. ఇంకేమీ అనకుండా మేడ ఎక్కింది. పిచ్చుకను దాటేటప్పుడు ఈసారి అడ్డం లేవమనలేదు. గోడకు ఒరిగి, తగలకుండా, పక్కనుంచి వెళ్లింది.

పిచ్చుక వెనకాలే వెళ్లింది. ఎందుకు వెళ్తోందో తెలియదు, కాళ్లు వెళ్లాయి. అక్క గదిలో, గుమ్మానికి అటుపక్క నిలబడి ఉంది. ఇటుపక్క పిచ్చుక.

"ఎందుకే?" అంది అక్క. కోపంగా కూడా లేదు. కుర్చీ ఎక్కడ తెగిందో వెతికినట్టు అడిగింది. "నేను నిన్నేం చేశాను?"

"నువ్వు పైనున్నావు."

"ఏంటి?"

"వెతికితే… నువ్వే పైనున్నావు. ఎప్పుడూ. నాన్నకు నేను చేసింది కింద. పదేళ్లకు కట్టినా కిందే."

అక్క సూటిగా అడిగింది. "నేనేం చేస్తున్నానో ఒక్కసారైనా తెరిచి చూశావా?"

"లేదు."

"అందులో ఎవరో తమ కుర్చీని పిల్లి గీరిందని అడుగుతారు. ఎవరో తాతగారి కుర్చీ సీటు కుంగిందని అడుగుతారు. రోజూ కూర్చుని జవాబులు రాస్తాను. తెలియనివి మీ నాన్ననడిగి రాస్తాను. అందుకే జనం వస్తారు. నన్ను అడిగుంటే నీకూ చూపించేదాన్ని. ఎందుకు తెరవలేదే?"

"తెరిస్తే నీది ఇంకా పైకెళ్తుందని."

అక్కకు నవ్వొచ్చింది. చిన్నప్పుడు దుప్పటి కింద ఇద్దరూ నవ్వుకున్నలాంటి నవ్వే, పెదవి దాకా వచ్చింది. పిచ్చుక ప్రాణం లేచొచ్చి ఒక అడుగు ముందుకు వేసింది. ఆ నవ్వు అక్కడే ఆగి, ముఖంలోంచి మెల్లగా దిగిపోయింది.

"అక్కా, నేను రోజూ కూర్చుని రాస్తాను. నువ్వు చెప్పినట్టే రాస్తాను. గ్రంథాలయానికి నేనే వెళ్లి, ఆ మేడమ్‌తో నేనే మాట్లాడి…"

"నువ్వా? మాట్లాడతావా?" అంది అక్క. "మాట్లాడాల్సింది ఆ రోజు. ఒక్క ముక్క. 'అక్కా, నీకు ఫోనొచ్చింది' అని."

 కింద పనిగదిలో కత్తి చప్పుడు మళ్లీ మొదలైంది.

"పదేళ్లకు కడితే పైకి రావడం ఉత్తమాటే" అంది అక్క, తలుపు మీద చెయ్యి వేసి. "కానీ దానికీ ఒక ఉపయోగం ఉందని ఇవాళ తెలిసింది. నేను పదేళ్లకు కట్టి ఉంటే పదేళ్లపాటు నీ చేతికి చిక్కేదాన్ని కాదు. ఇప్పుడే వెళ్లి అలాగే కడతాను. నంబరు కూడా మార్పిస్తాను."

"అక్కా, ఒక్క మాట…"

అక్క తలుపు వేసేసింది.